దళపతి ఎత్తు

ద్వారకానగర్‌లో యూసుఫ్ జిరాక్సు షాపు మేడ మీద పొడుగాటి గది ఒకటుంది. ఆదివారం భోజనాలయ్యాక అక్కడ యుద్ధాలు జరుగుతాయి. రెండు బల్లలు కలిపి, వాటి మీద థర్మోకోల్ కొండలూ ఇసుక అంటించిన అట్టలూ పరిచి, వేలెడైనా లేని సైనికుల్ని మోహరిస్తారు. ఆట పేరు శూన్యసీమ. పాచికలు వేసి, టేపుతో కొలిచి, దండుల్ని ముందుకు జరుపుతారు. ఒకరిది ఇనుప మనుషుల దండు, ఇంకొకరిది రెక్కల గ్రహాంతరవాసులది. డాక్టర్ వకుళది పీతసేన.

వకుళ దంతవైద్యురాలు. గెలుపోటముల మీద ఆవిడకి పెద్ద పట్టింపు లేదు. ఓడిపోయినా తన సైన్యం చూడముచ్చటగా ఓడిపోవాలి, అంతే. రంగు వెయ్యని బోడి బూడిదరంగు సైనికుణ్ణి ఎవరైనా బల్ల మీద పెడితే, పళ్ళు తోముకోకుండా క్లినిక్‌కి వచ్చిన వాణ్ణి చూసినట్టు చూసేది. తన పీతల రంగుల కోసం చేపల రేవుకి వెళ్ళి బుట్టల పక్కన గొంతుక్కూర్చుని చూసొచ్చింది. పొట్ట కింద పాచి ఆకుపచ్చ, డెక్కల అంచున నారింజ, దాని మీద పొరలాగా నీలం. అవన్నీ బాగానే కుదిరాయి. కుదరనిదల్లా దళపతి ముఖమే. పేరు కర్కటుడు. రెండు కణుపుల ఎత్తు, నడుం పైన మనిషి, చేతులు మాత్రం పీత డెక్కలు. పళ్ళు చూసే భూతద్దం పెట్టుకుని ఎన్నిసార్లు గీకి వేసినా అతని కన్ను చుక్కగానే మిగిలేది.

ఆవిడ చెల్లెలు మృణాళిని బీచిరోడ్డు దగ్గర ఒక కంటి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. కంటి ఆపరేషన్ చేసే డాక్టరు, లోపలి పొరని ఓ మైదానంలో నిలబడి చూసినట్టు చూడగలిగితే చెయ్యి తప్పదని ఆమె నమ్మకం. అందుకోసం ఏళ్ళ తరబడి శ్రమపడి ఒక జత కళ్ళద్దాలు చేసింది. అవి సిద్ధమయ్యాక పరీక్షకి చెయ్యి వణకని మనిషి, చిన్న పనికి అలవాటుపడ్డ మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషి కోసం ఎక్కడో వెతకనక్కర్లేకపోయింది. వకుళ వెంటనే ఒప్పుకుని ఒకే షరతు పెట్టింది. చూడవలసిన వస్తువు తనే తెచ్చుకుంటానంది. మర్నాడు దూది పరిచిన మందు డబ్బాలో కర్కటుణ్ణి పడుకోబెట్టి ల్యాబుకి తీసుకొచ్చింది.

మృణాళిని కళ్ళద్దాలు తొడిగి, చెవుల వెనక రెండు చిన్న బిళ్ళలు అంటించింది. అవి శరీరం తూలకుండా చూసుకునే నరాలతో మాట్లాడతాయంది. మన కళ్ళు రెండూ ఎడంగా ఉండబట్టే మెదడుకి ఏది ఎంత పెద్దదో తెలుస్తుందనీ, ఈ అద్దాలు ఆ ఎడాన్ని దారప్పోగంత చేస్తాయనీ చెబుతూ మీట తిప్పసాగింది. వకుళ వినడం మానేసింది. బల్ల అంచు దూరంగా జరిగిపోతోంది. మోచేతి దగ్గరున్న బొమ్మ మోకాలెత్తయింది, భుజమెత్తయింది, చివరికి ఎదురుగా తనంత మనిషై నిలబడింది. డెక్కలు లక్కపూత పూసిన తలుపుల్లా మెరుస్తున్నాయి. భుజం మీద కుంచె వెంట్రుక ఒకటి కూలిన తాటిచెట్టులా అడ్డంగా పడి ఉంది. తను ఎన్నోసార్లు గీకి వేసిన ఎడమ కన్ను పెనం మీద మాడిన దోసెలా ఉంది.

ఇంత అసహ్యంగా వేశానా అంటూ వకుళ అద్దాలకి ఆవిరి పట్టేదాకా నవ్వింది.

ఆ తరవాత మృణాళిని ఆపరేషన్లకని చేయించిన పరికరాన్ని తెచ్చి అమర్చింది. చెయ్యి జానెడు కదిలితే దాని మొన వెంట్రుకవాసి కదులుతుంది. ఆ మొనకి ఒక్క ఉడుత వెంట్రుక కట్టించుకుని వకుళ కర్కటుడి కళ్ళు మళ్ళీ వేసింది. గోధుమరంగు పాపలు, వాటిలో అతని గ్రహం తాలూకు రెండు చందమామల మెరుపు, కనుకొలకుల్లో అలసట. ఆదివారం యూసుఫ్ భూతద్దంలోంచి చూసి పక్కవాళ్ళకి అందించాడు. బొమ్మ గది చుట్టూ చేతులు మారుతూ తిరిగి వచ్చింది. ఆ రోజు ఇనుపదండు నడిపిస్తున్నతను కర్కటుడి మీదకి పాచిక వెయ్యడానికి మనసొప్పక దండుని వెనక్కి తిప్పుకున్నాడు. పీతసేన మొదటిసారి గెలిచింది.

అద్దాలు ఒక్క విడతలో అరగంటకి మించి పెట్టుకోకూడదని నియమం. ఈ కాలి మడత ఒక్కటే, ఈ డెక్క అంచు ఒక్కటే అని వకుళ బతిమాలేది. మృణాళిని సరేననేది, ఎందుకంటే తెర మీద లెక్కలు ఆమె కలలో కూడా ఊహించనంత చక్కగా వస్తున్నాయి. అలా అక్కచెల్లెళ్ళిద్దరూ ఎవరి సంబరంలో వాళ్ళు గడియారం మరిచిపోయారు.

ఒక సాయంత్రం మృణాళిని అద్దాలు తీసేసి, లే అక్కా టీ తాగుదాం అంది. వకుళ లేవలేదు.

"ముందు అద్దాలు తియ్యి," అంది.

"తీసేశానక్కా. ఇవిగో నా చేతిలో ఉన్నాయి."

వకుళ తలెత్తి చెల్లెల్ని చూసింది. చాలాసేపు చూసింది.

"నీ మొహం కొండంత ఉంది మృణా," అంది మెల్లగా.

కళ్ళు బాగున్నాయి, నరాలు బాగున్నాయి అన్నారు పరీక్ష చేసినవాళ్ళు. మెదడే కొత్త కొలతకి అలవాటుపడి పాతది వదిలేసిందన్నారు. దానంతటదే తిరిగి రావచ్చు, రాకపోవచ్చు.

ఇంట్లో వకుళకి నేల మీద చాప వేశారు. లేచి నిలబడితే లైట్‌హౌస్ కొసన నిలబడ్డట్టు కళ్ళు తిరిగేవి. అడుగు వేస్తే పొలం దాటినట్టుండేది. తన చేతులు తనవి కావు, ఏదో మహాకాయుడివి. మంచినీళ్ళ గ్లాసు వీధి చివర వాటర్ ట్యాంకంత. మొదటి పొద్దున అత్తగారు పైడమ్మ పళ్ళెంలో ఇడ్లీ పెట్టి ముందుకి జరిపితే వకుళ భయంతో వెనక్కి జరిగింది.

"ఇది ఇడ్లీలా లేదత్తయ్యా, జాలారిపేటలో గుడిసెలా ఉంది."

పైడమ్మ చాప పక్కన చతికిలబడి, "అయితే గుమ్మం కాడ్నించి మొదలెట్టమ్మా," అంది.

వకుళ నవ్వేసింది. చాప వేశాక ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. పైడమ్మ ఇడ్లీని చిదిపి చిన్న ముక్కలు చేసి కోడలికి తినిపించింది.

క్లినిక్‌కి తాళం వేశారు. వకుళ భర్త సన్యాసిరావు హార్బరులో పైలట్. బయట సముద్రంలో ఆగిన ఓడల దగ్గరికి లాంచీలో వెళ్ళి, తాడు నిచ్చెన ఎక్కి, ఓడని జాగ్రత్తగా రేవులోకి తీసుకురావడం ఆయన పని. ఇంటికి రాగానే యూనిఫాం కూడా మార్చకుండా చాప పక్కన బోర్లా పడుకునేవాడు, భార్యకి తన ఎత్తు చూసి గాభరా కలగకుండా. ఆయన ముఖంలో ఒక్క ముక్కే ఒక్కసారికి కనబడేది వకుళకి. ఓ రోజు కనుబొమ్మ, ఓ రోజు గడ్డం.

మృణాళిని రోజూ సాయంత్రం వచ్చేది. వ్యతిరేకంగా పనిచేసే అద్దాలు, అంటే లోకాన్ని చిన్నది చేసి చూపించేవి, చేసి తెచ్చింది. అవి పెడితే వకుళకి వాంతులయ్యాయి, తీస్తే మళ్ళీ మొదటికే వచ్చింది. కేంద్రం పెద్దలకి చెప్పి పరీక్షలు ఆపించేసి, కళ్ళద్దాలు బీరువాలో పెట్టి తాళం వేసింది. అక్క ముఖంలోకి చూడలేక హాలు చివర గోడకానుకుని కూర్చునేది. వకుళే ఒకరోజు ఆమెని దగ్గరికి పిలిచింది.

"తిరనాళ్ళలో జెయింట్ వీల్ నేనే సరదాపడి ఎక్కాను. దిగడం రాకపోతే నువ్వెందుకు ఏడవడం? దిగే దారి చూడు."

చాప పక్కనే కర్కటుడు ఉండేవాడు. లోకం మొత్తానికి అతనొక్కడే ఆవిడకి సరైన కొలతలో కనబడేవాడు. అతని వైపు తిరిగి పడుకుంటే గుండెదడ తగ్గేది.

ఆ పరిస్థితుల్లో యూసుఫ్ చూడడానికి వచ్చాడు. శూన్యసీమ ఆడే క్లబ్బు బొమ్మలన్నీ అతని షాపులో త్రీడీ ప్రింటరే ముద్రిస్తుంది. ఆ వారం ఏదో అంకె పొరపాటున నొక్కడంతో కర్కటుడు రెట్టింపు సైజులో వచ్చాడట. పారెయ్యబుద్ధి కాక, డాక్టరమ్మకి పొద్దుపోతుందేమోనని తెచ్చాడు. వకుళ ఆ బూడిదరంగు కర్కటుణ్ణి చూసింది. తనకంటే రెట్టింపు ఎత్తు, ఆకాశంలోకి నిక్కి చూడాలి. బోడిగా ఉన్నాడు. అది చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు. రంగుల పెట్టె తెమ్మంది.

మొదట చేతిలో కుంచె తాటి దుంగలా అనిపించింది. కళ్ళు మూసుకుని పట్టుకుంటే మామూలు కుంచే. చేతికి పని తెలుసు. అడుగుపూత వేసింది. నీళ్ళలా పలచటి ముదురురంగు పోస్తే అది పారి మడతల్లో ఇంకింది. ఆరాక, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో గట్ల మీద లేతరంగు దువ్వింది. ఎండ హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా జరిగింది. యూసుఫ్ వెళ్ళడం మరిచిపోయి కూర్చున్నాడు. రెండో కన్ను వేస్తుండగా వకుళ చెయ్యి ఆగింది. తను నిక్కి చూడడం లేదు. ఎదురుగా, సూటిగా చూస్తోంది. పాత కర్కటుడు నడుం దాకా వస్తున్నాడు.

పైడమ్మని కేకేసి గ్లాసు తెమ్మంది. గ్లాసు ట్యాంకులా లేదు. పెద్దదే, కానీ ఎత్తయిన తలుపంత.

ఫోనులో సంగతి వినగానే మృణాళిని ఆటో ఎక్కింది. వచ్చి, అక్క చెప్పిందంతా మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. లోకాన్ని చిన్నది చేసే తన అద్దాలు కంటికి మాత్రమే అబద్ధం చెప్పాయి, అందుకే మెదడు వాటిని నమ్మలేదని అప్పుడర్థమైంది ఆమెకి. కన్నూ చెయ్యీ కలిసి గంటల తరబడి ఒకే వస్తువుని కొలుచుకుంటే మెదడు ఆ కొలతని ఒప్పుకుంటుంది. అక్క బొమ్మ కొలతకి దిగింది ఆ దారినే, పైకి రావలసిందీ ఆ దారినే. ఆవేళే యూసుఫ్‌ని ఇంకో రెట్టింపు బొమ్మ ముద్రించమంది. సన్యాసిరావు మాత్రం ఇందులో పెద్ద వింతేమీ లేదన్నాడు. ఓడ ఎంత పెద్దదైనా దాని మీదకి ఒక్కో మెట్టే ఎక్కుతాం కదా అన్నాడు.

ఇక ఆ ఇల్లు కళకళలాడింది. జానెడు కర్కటుడొచ్చాడు, మూరెడు కర్కటుడొచ్చాడు, నడుమెత్తు కర్కటుడొచ్చాడు. క్లబ్బు వాళ్ళు సాయంత్రాలు వచ్చి హాలంతా పాత పేపర్లు పరిచి కూర్చునేవారు. డెక్కలు గోకడం, అడుగుపూత వెయ్యడం వాళ్ళది, ముఖమూ చేతులూ వకుళవి. ఇనుపదండు అతను పీత కాళ్ళకి రంగులు వేస్తూ ఇది రాజద్రోహం అని నసిగేవాడు. ఇరుగుపొరుగు వచ్చి వరసగా నిలబెట్టిన బొమ్మల్ని చూసి ఇది ఏ దేవుడు పైడమ్మా అనడిగితే, "దేవుడు కాదు, మా కోడలి డాక్టరు," అనేది ఆవిడ.

ఒక్కో బొమ్మ పూర్తయ్యేసరికి లోకం సగం తగ్గేది. ఇడ్లీ గుడిసె నుంచి బండిచక్రానికి, దాన్నించి జల్లెడకి దిగింది. మూరెడు కర్కటుడి కళ్ళు పూర్తయిన రోజున వకుళ భర్త చెయ్యి పట్టుకుని చాప మీంచి లేచి నిలబడింది. మేడ పిట్టగోడ మీద ఉన్నట్టనిపించింది కానీ నిలబడింది. హాలు చివరిదాకా వెళ్ళి వచ్చింది. చూస్తున్నవాళ్ళందరి చేతులకీ రంగులే, కళ్ళు తుడుచుకుంటే బుగ్గలకి అంటుకున్నాయి.

ఒక్క నష్టం మాత్రం జరుగుతూ వచ్చింది. మెట్టు ఎక్కిన ప్రతిసారీ మొదటి కర్కటుడు చిన్నబోయాడు. ముందు చందమామలు పోయాయి. తరవాత కనుకొలకుల్లో అలసట పోయింది. నడుమెత్తు బొమ్మ ముగిసిన రోజు వకుళ అతన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. కన్ను మళ్ళీ చుక్క.

"అతన్ని అంత దగ్గరగా చూసింది నేనొక్కదాన్నే," అంది చెల్లెలితో. "ఇక నాకూ కనబడడు."

మృణాళిని కిటికీ దగ్గరికి వచ్చింది. అక్క చేతిలోంచి బొమ్మ తీసుకుని, దూది డబ్బాలో జాగ్రత్తగా పడుకోబెట్టింది.

ఆఖరి కర్కటుడు నిలువెత్తు. ముక్కలుగా ముద్రించి తెచ్చారు. ఇంట్లో పట్టడని సన్యాసిరావు పై అధికారుల్ని అడిగి హార్బరులో ఖాళీగా ఉన్న ఒక షెడ్డు ఇప్పించాడు. అక్కడ నిలబెట్టి అతికించారు. క్రేన్ల దగ్గర పనిచేసేవాళ్ళు భోజనాల వేళ క్యారేజీలు పట్టుకుని వచ్చి చుట్టూ కూర్చుని చూసేవారు. పీత రంగు మాత్రం ఇలా ఉండదు అని ఒకరంటే ఉంటుంది అని ఇంకొకరు. వకుళ స్టూలెక్కి గోడలకి సున్నం వేసే బ్రష్షులతో మొదలుపెట్టి, కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మామూలు కుంచె పట్టుకుంది. కన్ను పూర్తయింది. స్టూలు దిగి చూస్తే దళపతి సరిగ్గా తనంతే ఉన్నాడు.

అందరూ ఆవిడ ముఖం వైపు చూశారు. వకుళ చుట్టూ ఉన్న మనుషుల్ని చూసి, తల అడ్డంగా ఊపింది. షెడ్డు షెడ్డులా ఉంది, స్టూలు స్టూలులా ఉంది. మనుషులు మాత్రం ఇంకా ఒక మెట్టు పెద్దగానే ఉన్నారు. మృణాళిని బొమ్మనీ అక్కనీ మార్చి మార్చి చూసింది, కొలతల్లో పొరపాటు జరిగిందేమోనంది. వకుళ కాదంది.

"పీతమనిషి ఇంతే ఉండాలని ఎక్కడుంది మృణా? వీడు ఎంతున్నా నా మెదడు ఒప్పుకుంటుంది. ఇప్పుడు నాకు మనిషి కావాలి."

అప్పుడే ఒక ఓడని రేవులో కట్టించి సన్యాసిరావు షెడ్డులోకి వస్తున్నాడు. తెల్ల యూనిఫాం, చంకలో టోపీ. వకుళ ఆయన్ని తిరగేసిన పెట్టె మీద కూర్చోమంది. నాటకాల వాళ్ళు ముఖాలకి వాడే రంగులు కావాలంటే యూసుఫ్ బండి మీద వెళ్ళి తెచ్చాడు. కదలొద్దు, నవ్వొద్దు అని చెప్పి, క్లినిక్‌లో రోగిని పట్టుకున్నట్టు ఎడమచేత్తో భర్త గడ్డం పట్టుకుని, నుదుటి నుంచి మొదలుపెట్టింది.

ఆకుపచ్చ పూసింది. కనుబొమ్మల మీద పెంకు గీతలు వేసింది. ముక్కు పక్కన మడతలో ముదురురంగు నింపింది. ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా చూసిన ముఖం వేళ్ళ కింద ఒక్కటవుతోంది. ఇక్కడ చిన్నప్పటి అమ్మవారి మచ్చ, ఇక్కడ కళ్ళజోడు ఒరిపిడి, ఇక్కడ ఎప్పుడు వచ్చాయో తెలియని ముడతలు. ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పెదవి కొసన నారింజ గీత గీస్తుంటే కుంచె గిలిగింతలు పెట్టింది. ఆపుకోలేక నవ్వేశాడు. బుగ్గ మీద రంగు బీటలు వారింది.

వకుళ కసురుకోబోయి ఆగిపోయింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆవిడ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది.

"మీరు ఇంతేనా?" అంది.

"ఇంతే. పెళ్ళినాడూ ఇంతే," అన్నాడు సన్యాసిరావు.

వకుళ ఆయన భుజం మీద తల పెట్టింది. భుజం భుజంలాగే, తల ఆనుకునే చోటే ఉంది. క్రేన్ల వాళ్ళు ఎందుకో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. అమ్మ చూసేదాకా ముఖం కడగనని సన్యాసిరావు అదే రంగుతో, భార్య ఆకుపచ్చ చెంపతో, స్కూటర్ మీద ఊరంతా దాటి ఇంటికి వెళ్ళారు.

క్లినిక్ తెరిచారు. పళ్ళు పళ్ళంతే ఉన్నాయి. మృణాళిని కళ్ళద్దాల్ని విప్పి పారేస్తానంది. వకుళ ఒప్పుకోలేదు. వాటివల్ల ఎవరికో చూపు వస్తుంది, పారెయ్యడానికి మనమెవరం అంది. అయితే పైకి వచ్చే దారి చేతికి రానివాళ్ళు కిందికి దిగకూడదంది. కేంద్రం పెద్దలు చాలారోజులు తర్జనభర్జనపడి చివరికి అదే నియమం చేశారు. అద్దాలు పెట్టుకోవలసిన ప్రతి డాక్టరూ ముందు బొమ్మల వరసకి రంగులు వెయ్యాలి, వేలెడు నుంచి నిలువెత్తు దాకా, తన చేత్తో.

కాబట్టి ఇప్పుడు ఆదివారాలు యూసుఫ్ మేడ మీద చోటు చాలడం లేదు. ఎన్నో కళ్ళకి చూపునిచ్చిన పెద్ద డాక్టరుగారు నాలుక బయటపెట్టి పీత మీసానికి రంగు వేస్తుంటారు. అది మీసం కాదు సార్, మీసగాడు చారు తాగినట్టుంది అని వకుళ గీకించేసి మళ్ళీ వేయిస్తుంది. ఇనుపదండుకి కొత్తగా ఇద్దరు కంటి డాక్టర్లు చేరారు.

పరీక్షలు మళ్ళీ మొదలైన రోజున ముందుగా దిగింది మృణాళిని. అంతవరకూ మీట దగ్గర ఎవరో ఒకరు ఉండాలి గనక తను ఎప్పుడూ దిగలేదు. బొమ్మల వరస పూర్తిచేసింది గానీ, ఆ వరసని వకుళ గీకించలేదు, మళ్ళీ వేసినా అంతేనని. ఆవేళ బల్ల మీద నిలబెట్టింది మృణాళిని రంగు వేసిన మొట్టమొదటి బొమ్మని. మీట వకుళ తిప్పింది, గడియారం సన్యాసిరావు పట్టుకున్నాడు.

బల్ల దూరంగా జరిగింది. మృణాళిని మెడ ముందుకి చాచింది. తరవాత ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని వకుళ మీట మీద చెయ్యి వేసింది. కానీ మృణాళిని పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"అక్కా, వీడి కన్నొకటి నుదుటి మీద ఉంది. రెండోది మెడ దగ్గరుంది. పాపం, నావైపు చూడాలని తెగ ప్రయత్నిస్తున్నాడు."

వకుళ చెల్లెలి చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"మరి ఎదురుగా నిలబడి నవ్వుతావేం? పలకరించు," అంది.